ఇల్లు లేని సీనరీ

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా చీరాలలో ఒక విశ్రాంత డ్రాయింగు మాస్టారు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినపడుతోందా? మైకు లేకపోయినా పరవాలేదు లెండి. 31 ఏళ్ళు హైస్కూలు పిల్లల మీద అరిచిన గొంతు ఇది.

లైబ్రేరియన్ గారు ఫోన్ చేసి, "మాస్టారూ, మీరు అమెరికా వెళ్ళొచ్చారు కదా, ఏదైనా చెప్పండి" అన్నారు. అమెరికా గురించి ఈ ఊళ్ళో కొత్తగా చెప్పేదేముంది? ప్రతి వీధిలో ఇద్దరు వెళ్ళొచ్చినవాళ్ళున్నారు. అందుకని నేను అమెరికా గురించి చెప్పను. ఒక గదిలో చూసిన కొన్ని బొమ్మల గురించి చెబుతాను. అడవుల బొమ్మలు, కొండల బొమ్మలు.

ముందు ఈ పోస్ట్‌కార్డు చూడండి. ఆ మ్యూజియం దుకాణంలో కొన్నాను. ఇదిగో, ఈ భూతద్దం కూడా తీసుకోండి. ముందు బెంచీ నుంచి మొదలుపెట్టి చేతులు మారుస్తూ వెనక్కి పంపండి. ఈ బొమ్మలో మనుషులున్నారు. ఎక్కడున్నారో వెతకండి. చివర్లో అడుగుతాను. పక్కవాళ్ళకి చెప్పకూడదు, పరీక్ష పరీక్షే.

సరే. సీనరీ గీయమంటే మన పిల్లలు ఏం గీస్తారు? మీరూ గీసే ఉంటారు. రెండు కొండలు, మధ్యలోంచి సగం సూర్యుడు, చుట్టూ కిరణాలు. కొండల మధ్య నుంచి పాములాగా ఒక ఏరు. ఆకాశంలో నాలుగు కాకులు, ఒక్కోటీ ఒక టిక్కు మార్కు. ఒక కొబ్బరిచెట్టు. ఇంకా? ఆ, ఇల్లు! ఏటి ఒడ్డున ఒక పూరిల్లు, దాని గుమ్మం దగ్గర్నుంచి ఏటి దాకా దారి. ఈ 31 ఏళ్ళలో నేను దిద్దిన సీనరీలు ఎన్ని వేలో లెక్కలేదు. సూర్యుడు లేనివి ఉన్నాయి, ఏరు లేనివి ఉన్నాయి. ఇల్లు లేనిది ఒక్కటే గుర్తుంది నాకు.

ఏడో తరగతి కుర్రాడు. పేజీ అంతా ముదురాకుపచ్చ రుద్దేశాడు, పైనుంచి కింద దాకా. "ఏంట్రా ఇది?" అన్నాను. "అడవండి" అన్నాడు. "ఇల్లేదిరా?" అన్నాను. "అడవిలో ఇల్లెందుకు సార్?" అన్నాడు. పదికి నాలుగు వేశాను. ఇల్లు వేసి తెస్తే ఆరు చేస్తానన్నాను. వేసి తెచ్చాడు పాపం. ఆరు చేశాను. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను దీని దగ్గరికి.

2019లో వర్జీనియాలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. వాళ్ళిద్దరూ ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి. నేనూ టీవీ. ఒకరోజు అమ్మాయి మెట్రో కార్డు చేతిలో పెట్టి, "నాన్నా, వాషింగ్టన్‌లో బొమ్మల మ్యూజియాలున్నాయి, టికెట్ లేదు, వెళ్ళి చూసి రా" అంది. గ్యాలరీ ప్లేస్ అనే స్టేషన్‌లో దిగి పైకొస్తే ఎదురుగానే స్మిత్‌సోనియన్ వాళ్ళ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం. పెద్ద పెద్ద రాతి స్తంభాలతో ఉంటుంది. ఒకప్పుడు అది పేటెంట్ ఆఫీసు. వాళ్ళ అంతర్యుద్ధం రోజుల్లో గాయపడ్డ సైనికులను అందులోనే పడుకోబెట్టారు. 1865 మార్చిలో లింకన్ రెండోసారి అధ్యక్షుడైనప్పుడు విందూ నాట్యమూ జరిగింది అక్కడే. ఆరు వారాలు తిరక్కుండానే ఆయన్ని కాల్చేశారు. ఈ లింకన్ కూడా మళ్ళీ వస్తాడు మన కథలోకి.

ప్రవరుడి కథ మీకందరికీ తెలుసు. కాళ్ళకు పసరు పూసుకుని హిమాలయానికి వెళ్ళాడు, ఒక్క పూటలో చూసొచ్చేద్దామని. మంచుకి పసరు కరిగింది, ఇంటిదారి మూసుకుపోయింది. నా పసరు మెట్రో కార్డు. అది జేబులో భద్రంగానే ఉంది. నేనే కరిగిపోయాను. ఆ బొమ్మ ముందు కూర్చున్నవాణ్ణి, మూసే వేళకి గార్డు వచ్చి చెబితే గానీ లేవలేదు.

ఆ బొమ్మ ఇప్పుడు మీ చేతుల్లో తిరుగుతున్న కార్డు మీదిదే. అమెరికా పడమటి కొండల్లో ఎల్లోస్టోన్ అనే నది కోసుకుపోయిన లోయ. కార్డులో అరచేయంత. అక్కడ 7 అడుగుల ఎత్తు, 12 అడుగుల వెడల్పు. అంటే ఈ హాల్లో ఆ బీరువా దగ్గర్నుంచి ఈ కిటికీ దాకా అనుకోండి. లోయ గోడలంతా పసుపు. ఎన్ని పసుపులు! కొమ్ము పసుపు, గంధం, మాగిన మామిడి, తాటిపండు గుజ్జు, మధ్యమధ్య గులాబి జీర. దూరంగా నట్టనడుమ తెల్లగా జలపాతం. అసలు జలపాతం 308 అడుగులు. దగ్గరికి వెళ్ళి చూశాను, గార్డు ఊరుకున్నంత దగ్గరికి. అక్కడ జలపాతం లేదు. సున్నం పూసినట్టు ఒక తెల్లగీత, దాని కింద కాస్త బూడిదరంగు పులిమినట్టుంది. నాలుగడుగులు వెనక్కేస్తే నీళ్ళు దూకుతున్నాయి, తుంపర లేస్తోంది. ముందుకెళ్తే గీత, వెనక్కొస్తే జలపాతం. ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు నడిచానో. ఆ గార్డు నన్ను పిచ్చివాడనుకునే ఉంటాడు.

వేసినాయన థామస్ మోరన్. ఆయన ఎవరి కొడుకో తెలిస్తే మన ఊరివాళ్ళకి కాస్త చుట్టరికం కలుస్తుంది. ఇంగ్లండులో లాంకషైర్ ప్రాంతంలోని బోల్టన్ అనే ఊళ్ళో 1837లో పుట్టాడు. తండ్రి చేనేత కార్మికుడు. లాంకషైర్ మిల్లు గుడ్డ వచ్చి మన నేతగాళ్ళ పొట్ట కొట్టిందని చదువుకున్నాం కదా? మా తాత గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని రోజూ తిట్టేవాడు ఆ సీమగుడ్డని. ఆ మిల్లే అక్కడి చేనేత వాళ్ళ పొట్టా కొట్టింది. ఆ సంగతి మా తాతకి తెలియదు. మోరన్ కుటుంబం 1844లో ఓడెక్కి ఫిలడెల్ఫియా చేరింది. కుర్రాడు చెక్క మీద బొమ్మలు చెక్కే అచ్చుపని దగ్గర కుదిరాడు. బొమ్మలు చాలావరకూ సొంతంగానే నేర్చుకున్నాడు.

1871లో న్యూయార్క్ పత్రిక ఒకటి ఎల్లోస్టోన్ గురించి వ్యాసం వేస్తూ, దానికి బొమ్మలు సరిచేయమని ఈయనకిచ్చింది. అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళు గీసుకొచ్చిన మోటు గీతలు చూసి ఈయన వేడినీటి బుగ్గలూ జలపాతాలూ గీశాడు. చూడకుండానే! మన పిల్లలు చూడని కొండల మధ్య చూడని సూర్యుణ్ణి గీసినట్టే. కానీ మోరన్‌కి నిద్ర పట్టలేదు. వెళ్ళి చూడాలి. డబ్బు? పత్రికవాళ్ళు 500 డాలర్లు, నార్తరన్ పసిఫిక్ రైల్వేకి పెట్టుబడి కూడగడుతున్న జే కుక్ అనే బ్యాంకరు 500 డాలర్లు సర్దారు. ప్రభుత్వం తరఫున హేడెన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒక సర్వే దళాన్ని తీసుకెళ్తున్నాడు. దాంట్లో చేరాడు.

మనిషి బక్కపలచన. 34 ఏళ్ళొచ్చినా గుర్రమెక్కి ఎరుగడు. జీను ఒరుసుకుని కూర్చోలేక, జీను మీద తలగడ వేసుకుని స్వారీ చేశాడు. ఈ తలగడ సంగతి చెప్పింది ఆయనతో పాటు ఉన్న ఫొటోగ్రాఫరు జాక్సన్. నాకు ఆ 12 అడుగుల బొమ్మ కంటే ఈ తలగడ ఎక్కువ నచ్చిందండీ. మహా చిత్రకారుడంటే మనం గడ్డం, గంభీరం ఊహించుకుంటాం. తలగడ మీద కూర్చున్న నేతగాని కొడుకుని ఎవరు ఊహిస్తారు?

ఇప్పుడు ఒక మాట సరిచేయాలి. ఈ పెద్ద బొమ్మ చూసి అమెరికా పార్లమెంటు మురిసిపోయి ఎల్లోస్టోన్‌ని జాతీయ పార్కు చేసిందని చాలామంది చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ తేదీలు కుదరవు. ఎల్లోస్టోన్ చట్టం మీద అధ్యక్షుడు గ్రాంట్ సంతకం పెట్టింది 1872 మార్చి 1న. అప్పటికి ఈ పెద్ద బొమ్మ పూర్తి కాలేదు. అక్కడి సభ్యులకు చూపించింది మోరన్ అక్కడే కూర్చుని వేసిన చిన్న నీటిరంగుల బొమ్మలూ, జాక్సన్ ఫొటోలూ. దారిలో ఒళ్ళో పెట్టుకుని వేసుకునేటంత కాగితాలు! 22 లక్షల ఎకరాలను కాపాడటంలో వాటి పాత్ర ఉంది. పెద్ద బొమ్మ తరవాత తయారైంది. ఆ జూన్‌లో ప్రభుత్వం దాన్ని 10,000 డాలర్లకు కొని కాపిటల్ భవనంలో పెట్టింది. మోరన్ పొంగిపోయి తన పొడి సంతకంలో ఎల్లోస్టోన్ మొదటి అక్షరం కూడా కలిపేసుకున్నాడు. మనవాళ్ళ పేర్లకు ఇంటిపేరులాగా, ఆయన పేరులో ఒక లోయ.

మరి రైల్వే బ్యాంకరు 500 ఎందుకిచ్చాడు? అడవి మీద ప్రేమా? రైలెక్కి చూడ్డానికి జనం రావాలి కదా. నేనేమీ తప్పు పట్టను. దేవుడి మీద భక్తితోనే తిరణాలకు స్పెషల్ బస్సులు వేస్తున్నారా ఏమిటి? మంచిపని ఒక్కోసారి అలా కూడా జరుగుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ లోయ సరిగ్గా అలాగే కనపడే చోటు ఏదీ లేదు. మోరన్ రెండు మూడు చోట్ల నుంచి చూసినవి ఒకదాని పక్కన ఒకటి పేర్చాడు. దాచుకోలేదు కూడా, ఉన్నదున్నట్టు దింపడం మీద నాకు ఆసక్తి లేదన్నాడు. డ్రాయింగు మాస్టారుగా నాకు అది సమ్మతమే. కానీ కొండని జరపగలిగినవాడు ఇంకా ఏమేం జరపగలడు? ఆ ఆలోచన పక్క బొమ్మల దగ్గర పట్టుకుంది నన్ను.

అదే మ్యూజియంలో ఆల్బర్ట్ బీర్‌స్టాట్ వేసిన కాలిఫోర్నియా కొండల బొమ్మ ఉంది. సియెరా నెవాడా. 6 అడుగులు ఇంటూ 10. అద్దంలాంటి సరస్సు, మబ్బుల్లోంచి దిగే వెలుగు, నీళ్ళ దగ్గరికొచ్చిన లేళ్ళు. మనవాళ్ళు కేలండర్లో చూస్తే దణ్ణం పెట్టేస్తారు, శివుడొక్కడే తక్కువ. ఆయన దాన్ని ఎక్కడ కూర్చుని వేశాడనుకున్నారు? రోము నగరంలో, 1868లో. అక్కణ్ణుంచి ఐరోపాలో చూపించాడు, మా దేశం ఎలా ఉంటుందో చూడండని. అలాంటి సరస్సూ అలాంటి కొండా ఒకేచోట ఎక్కడా లేవు. అది చూసి ఓడెక్కినవాళ్ళు ఉండే ఉంటారు!

ఆ బొమ్మలో వెతికాను. ఇల్లు లేదు. పొగ లేదు. దారి లేదు. మనిషి లేడు. మనిషి కాళ్ళు పడని నేల అన్నట్టు ఉంది.

కాళ్ళు పడలేదా నిజంగా? అదే కొండల్లో యోసెమిటీ లోయ ఉంది. అక్కడ అహ్వానీచీ అనే ఆదివాసి జనం ఉండేవాళ్ళు. బంగారం కోసం జనం ఎగబడ్డ రోజుల్లో, 1851లో, మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం లోయలోకి దిగి వాళ్ళని తరిమింది. గుడిసెలు తగలబెట్టింది, చలికాలానికి దాచుకున్న ఓక్ గింజల గాదెలు తగలబెట్టింది. పదేళ్ళ తరవాత, 1861లో, కార్లటన్ వాట్కిన్స్ అనే ఫొటోగ్రాఫరు అదే లోయలోకి కంచరగాడిదల మీద సామానేసుకుని దిగాడు.

ఈ వాట్కిన్స్ పని కాస్త చెప్పాలి. ఇప్పుడు మన ఫోన్‌లో టిక్కు మంటే ఫొటో. ఆయన 18 అంగుళాలు ఇంటూ 22 అంగుళాల గాజుపలకలు మోయించుకెళ్ళాడు. కొండ మీద చీకటి గుడారం వేసి, గాజు మీద జిగురులాంటి మందు సమంగా పారించి, వెండి ద్రావణంలో ముంచి, తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి తీసి, ఆరకముందే మళ్ళీ గుడారంలోకి పరుగెత్తి కడగాలి. ఒక్క దుమ్ము రేణువు పడిందా, పని మొదటికొచ్చింది. గాజు పగిలిందా, అంతే సంగతులు. ఆ ఫొటోలు తూర్పు తీరం చేరాయి. యోసెమిటీని ఎవరూ అమ్మకుండా కొనకుండా కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగిస్తూ లింకన్ 1864 జూన్ 30న సంతకం పెట్టాడు. యుద్ధం మధ్యలో! చెప్పానుగా, వస్తాడని. ఇక వాట్కిన్స్ సంగతి. అప్పుల్లో పడి పాత గాజుపలకలు పోగొట్టుకున్నాడు, మళ్ళీ తీసుకున్నాడు. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం, దాని వెనక మంటలు. స్టూడియో బూడిద. అప్పటికి చూపు దాదాపు పోయింది. చివరికి మానసిక చికిత్సాలయంలో పోయాడు. లోయ మిగిలింది.

ఆ లోయలో ఓక్ చెట్ల మధ్య చక్కటి పచ్చికబయళ్ళుండేవి. చూసినవాళ్ళంతా ప్రకృతి వేసిన ఉద్యానవనమని మురిసిపోయారు. అది ప్రకృతి ఒక్కతే చేసిన పని కాదు. అక్కడి జనం ఏటేటా చిన్న చిన్న మంటలు పెట్టి పొదలు పెరగకుండా చూసుకునేవాళ్ళు. వాళ్ళు పోయాక, మంటలు ఆగాక, పచ్చికలో చెట్లు కమ్ముకొచ్చేశాయి. మనిషి లేని బొమ్మలో కూడా మనిషి చేతిపని ఉంది. చూడటం రాకపోయె మనకి.

ఎల్లోస్టోన్‌లోనూ అంతే. టుకుడికా అనే షోషోనీ జనం అక్కడ కొండగొర్రెలను వేటాడి బతికేవాళ్ళు. ఆ గొర్రెల కొమ్ములతో విల్లులు చేసేవాళ్ళు, ఆ కొమ్ముల్ని వేడినీటి బుగ్గల్లో మెత్తబరిచి మరీ. పార్కు వచ్చాక కొన్నేళ్ళలోనే వాళ్ళని పంపించేశారు. పైగా ఒక కథ పుట్టించారు, ఆదివాసులకి ఆ బుగ్గలంటే భయమట, అందుకే అటు రారట! బుగ్గలో కొమ్ము ఉడకబెట్టుకునేవాడికి బుగ్గ అంటే భయమేంటండీ? ఆ పార్కులో ఒక శిఖరానికి డోన్ అనే సైనికాధికారి పేరుండేది. 1870 జనవరిలో పీగన్ బ్లాక్‌ఫీట్ అనే ఆదివాసి జనాన్ని 170 మందికి పైగా చంపేసిన దాడిలో అతను ఉన్నాడు. అదే ఏడు ఎల్లోస్టోన్ చూడ్డానికి వెళ్ళిన బృందంలోనూ ఉన్నాడు, కొండకి పేరొచ్చింది. 2022లో ఆ పేరు తీసేసి 'మొదటి జనుల కొండ' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. 150 ఏళ్ళకి.

ఊరొదిలి వెళ్ళడమంటే ఏమిటో చీరాలకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం పన్ను కట్టకుండా ఊరు ఖాళీ చేసి రామనగర్‌లో పాకలేసుకున్నారు, నెలల తరబడి. ఎండా వానా అక్కడే. కానీ వాళ్ళు తమంతట తాము వెళ్ళారు, మళ్ళీ వచ్చారు. ఇళ్ళు ఉన్నాయి రావడానికి.

1964లో అమెరికా ఇంకో చట్టం చేసింది, వన్యభూముల చట్టం. మొదటి దెబ్బకే 91 లక్షల ఎకరాలు. రోడ్డు వేయకూడదు, మోటారు నడపకూడదు. అందులో నిర్వచనం రాశారు, అక్కడ మనిషి చూసిపోయే అతిథి మాత్రమే, ఉండిపోడు అని. చదవడానికి ఎంత అందంగా ఉందో! బీర్‌స్టాట్ బొమ్మని మాటల్లో పెట్టినట్టే ఉంది. నేను ఆ చట్టాన్ని తిట్టడం లేదు. అది లేకపోతే ఆ కొండల్లో ఎన్ని గనులూ ఎన్ని రిసార్టులూ వెలిసేవో. పులికీ ఎలుగుబంటికీ మన హారన్ వినపడని చోటు కావాలి. కావాల్సిందే. కానీ 'అతిథి' అని ఎవరిని చూసి రాశారు? నాలాంటి టూరిస్టుని చూసి. అక్కడే పుట్టినవాడు ఎవరికి అతిథి?

మన అహోబిలం చూడండి. మన కథలో దేవుడు అడవికెళ్ళి చెంచు పిల్లని పెళ్ళి చేసుకున్నాడు. నల్లమల చెంచులకి నరసింహస్వామి ఇంటల్లుడు. సంక్రాంతి వెళ్ళాక పారువేట ఉత్సవంలో స్వామి పల్లకీ ఊరూరా తిరుగుతుంది, చెంచులు పల్లకీ మీదికి బాణాలేస్తారు. అల్లుడితో ఆ మాత్రం వేళాకోళం ఉండాలి కదా. అంటే మన ఊహలో అడవి అత్తారిల్లు. అక్కడ అత్తా మామా బావమరుదులు ఉంటారు. ఇది చెప్పి మనం గొప్పవాళ్ళమని నేను అనను. అత్తారింటివాళ్ళని మనం ఎలా చూసుకున్నామో నల్లమల పెంటలకెళ్ళి అడగండి, పెంటలంటే చెంచుల గూడేలు. పులుల కోసం పెంటలు ఖాళీ చేయాలన్న మాట అక్కడా వినపడుతూనే ఉంది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, కాగితం వచ్చినవాళ్ళున్నారు, రానివాళ్ళున్నారు.

ఇప్పుడు ఆ ఏడో తరగతి కుర్రాడు. ముదురాకుపచ్చ రుద్దినవాడు. మ్యూజియం బెంచీ మీద కూర్చుంటే వాడే గుర్తొచ్చాడు. "అడవిలో ఇల్లెందుకు సార్?" అన్నాడు. బీర్‌స్టాట్ గారిదీ అదే మాట. పదివేల డాలర్లిచ్చేవాళ్ళుంటే వాడికీ ఇచ్చేవాళ్ళేమో, నేను నాలుగు మార్కులేశాను! మరి నేను అడిగి వేయించిన ఇల్లు? కొబ్బరిచెట్టు పక్కన పూరిల్లు, నడి అడవిలో. అదీ అబద్ధమే కదా. అక్కడ ఎవరుంటారో నాకూ తెలియదు, వాడికీ తెలియదు. ఇద్దరం చూడకుండానే గీశాం.

సరే, కార్డు ఎక్కడిదాకా వచ్చింది? అక్కడే ఉందా, మూడో బెంచీలో? మనుషులు దొరికారా? చేతులెత్తండి. ఎడమవైపు చెట్ల దగ్గర అంటున్నారా, అక్కడా చూడండి, కానీ నేనడిగేది ఇంకా నడుమకి. ముందు నీడలో రాతి అంచు ఉంది కదా, దాని మీద. ఇద్దరు నిలబడ్డారు, ఆవగింజంత. ఆ, అదే అమ్మా, నీకు దొరికారు. ఒకరు సర్వే దళం మనిషి. రెండోవారు ఆదివాసి. మోరన్ వాళ్ళని పెట్టాడండీ, చెరపలేదు. 12 అడుగుల బొమ్మ ముందు నిలబడి కూడా నాకు వాళ్ళు కనపడటానికి అరగంట పట్టింది, ఎంతసేపూ జలపాతమే చూస్తూ కూర్చున్నాను. వెనక వాళ్ళకి ఇవ్వమ్మా, వాళ్ళూ చూస్తారు. కార్డు లైబ్రరీలోనే ఉంటుంది. భూతద్దం మాత్రం నాది, ఇచ్చి వెళ్ళండి.